ఎర్రజొన్న చేనినుండి ఆఫ్రికా చరిత్రకు



ఆర్మూరు, అంకాపూరు, బాల్కొండ ప్రాంతములలో వానకాలపు మక్కచేను ఖాళీ చేసి యాసంగిలో ఎర్రజొన్న విత్తు రైతు, ఆ గింజ తన తాతముత్తాతల నాటినుండి ఈ నేలలో నున్నదని చెప్పుకొనును. అందులో అసత్యమేమియు లేదు. అయినను ఆ తాతలకు తాతలు పుట్టుటకు ఎంతో ముందు, సముద్రమునకు ఆవలనున్న తూర్పు సూడాను మైదానములలో, కుండలు చేయువారు మట్టి పగులకుండుటకై అందు జొన్నపొట్టు కలిపి పిసుకుచుండిరి. కుండ ఆవములో కాలునప్పుడు పొట్టు బూడిదయ్యెను గాని, దాని ఆకారము మట్టిలో అచ్చుపడి నిలిచెను. క్రీస్తుకు పూర్వము 3500, 3000 సంవత్సరముల నడిమి కాలమునకు చెందిన అట్టి పెంకులను తీసికొని, ఆ యచ్చులలో మెత్తని సిలికోను పదార్థమును పోసి, గట్టిపడిన పిదప ఊడదీసి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2017లో తమ నిర్ణయమును ప్రకటించిరి. అడవిజొన్న పండినంతనే తనంతట తానే రాలిపోవును. రాలినచోట మచ్చ నున్నగా నుండును. మనుష్యుడు సాగుచేసిన జొన్న రాలక కంకి నంటిపెట్టుకొని యుండును. దానిని కొట్టి నూర్చవలెను. అప్పుడది చిరిగిన అంచుతో ఊడివచ్చును. ఆ పెంకులలో ఈ రెండు విధములైన గుర్తులును కలిసి కానవచ్చెను. అడవిగింజ పంటగింజగా మారుచున్న సంధికాలము ఆ పెంకులలో పట్టుబడినదన్నమాట.

జొన్న యొక్కటియే గాదు. సజ్జయు, రాగియు, బొబ్బరయు, అనుమును, తుదకు మన పులుసులోని చింతపండును ఆఫ్రికా ఖండమునుండి మనకు సంక్రమించినవే. గటకయు, అంబలియు, జొన్నరొట్టెయు, పచ్చిపులుసును తీసివేసినచో పాత తెలంగాణపు పళ్ళెములో మిగులునదెంత యని ఎవరికి వారే లెక్క వేసికొనవచ్చును. పసుపు మాత్రము ఆసియాది. అది మన దిక్కునుండి ఆ దిక్కునకు పోయి, నేడు ఇథియోపియాలో పండుచు, అచటి వారు అలిచా యని పిలుచు వంటకమునకు రంగు నిచ్చుచున్నది.

ఈ ఉపోద్ఘాతము దేనికనగా, ఆఫ్రికాను గూర్చిన అధ్యయనము ఢిల్లీలోనో లండనులోనో జరుగవలసిన పనియే గాని ఆర్మూరువంటి పసుపు వ్యాపారపు పట్టణములో బి.ఏ. చదువుకొను విద్యార్థికి దానితో ప్రమేయమేమున్నదను సందేహము మనలో చాలమందికి గలదు గనుక. ఢిల్లీ విశ్వవిద్యాలయములో ఆఫ్రికా అధ్యయన శాఖ 1955లోనే వెలసినది. దాని గౌరవము దానికున్నది. కాని జాతీయ రహదారులు 44, 63 కలియు ఈ కూడలిలో కూర్చుండి, పట్టము చేతికి రాకముందే, ఒక విద్యార్థి ఈ శాస్త్రములో నిజమైన కొత్త విషయ మొకటి కనుగొని అచ్చు వేయించుట సాధ్యమే యని నా దృఢాభిప్రాయము. అంతేకాదు, ఈ శాస్త్రము పుట్టినదే విద్యార్థుల చేతులలో.

పాన్-ఆఫ్రికన్ అధ్యయనమని నేడు పిలువబడుచున్న విద్య, ఆఫ్రికా ప్రజలను, ఆ ఖండమునుండి బానిసలుగా, సైనికులుగా, నావికులుగా, కూలీలుగా ప్రపంచమంతట చెదరిన వారి సంతతిని ఒక్క దృష్టితో చూచుటకు యత్నించును. ట్రినిడాడు ద్వీపమువాడైన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ 1900 జూలైలో లండనునందు మొదటి పాన్-ఆఫ్రికన్ మహాసభను సమకూర్చెను. అదే సంవత్సరము పారిసులో జరిగిన ప్రపంచ ప్రదర్శనములో డుబోయిస్ పండితుడు అమెరికాలోని నల్లవారి స్థితిగతులను తెలుపు పటములను ప్రదర్శించెను. ఆ పటములు సుమారు 60. అట్లాంటా విశ్వవిద్యాలయపు విద్యార్థులును పూర్వవిద్యార్థులును ఆయనతో కలిసి కూర్చుండి రంగుసిరాలతో చేతితో గీసినవి. వానిలో నొకదానియందు పట్టణవాసుల సంఖ్యను తిన్నని గీతలతో చూపి, పల్లెవాసుల సంఖ్య గీతలో నిముడనంత పెద్దదగుటచే, దానిని ఎర్రని చుట్టగా చుట్టి మధ్యలో నిలిపిరి. అంకెలు చదువలేనివానికి సైతము పల్లె బరువెంతయో ఒక్క చూపులో తెలియును. కంప్యూటరు చేతనుండియు మన విద్యార్థులు ప్రాజెక్టు నివేదికలలో అతికించు బొమ్మలను చూచినపుడు నాకు ఆ ఎర్రని చుట్ట జ్ఞప్తికి వచ్చుచుండును. అట్లాంటాలో ఆ అధ్యయనములు 1896 మొదలు 1914 వరకు సాగెను. ఒక యేడు వ్యాపారము, ఒక యేడు కళాశాల చదువు, ఒక యేడు వృత్తిపనివారు, ఒక యేడు చర్చి, ఇట్లు ఏటికొక్క విషయమును నిర్ణయించుకొని, అనేక పట్టణములలో నివసించు పూర్వవిద్యార్థులచేత వివరములు సేకరింపజేసి, ఫలితములను పుస్తకములుగా ముద్రించుచు వచ్చిరి.

లండనులో న్యాయశాస్త్రము చదువ వచ్చిన నైజీరియా యువకుడు లాడిపో సోలంకే, తోడి విద్యార్థులను గూర్చుకొని 1925 ఆగస్టులో పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘమును స్థాపించెను. మరుసటి యేట ఆ సంఘము తన పేరనే పత్రిక నొకదానిని వెలువరించెను. 1935 మార్చిలో పారిసునందు మార్టినీకు ద్వీపమునుండి వచ్చిన 21 ఏండ్ల విద్యార్థి ఏమే సెజేర్, సెనెగాలునుండి వచ్చిన సెంఘోరు మొదలైన మిత్రులతో కలిసి 'నల్ల విద్యార్థి' అను నర్థము వచ్చు పేరుతో చిన్న పత్రికను ప్రకటించెను. అది దీర్ఘాయువు గల పత్రిక గాదు. అయినను ఆ పుటలలో మొలకెత్తిన భావములు తరువాతి కాలమున ఫ్రెంచి వలసల సాహిత్యము నంతటిని కదలించినవి. సెంఘోరు తన దేశమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. అమెరికాలో నీ శాస్త్రమునకు విశ్వవిద్యాలయములలో పీఠము లభించినది సైతము విద్యార్థులవలననే. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో 1968 నవంబరు 6న ఆరంభమైన సమ్మె 1969 మార్చి వరకు నడచిన పిదపనే అచట నల్లజాతి అధ్యయన శాఖ ఏర్పడెను.

మనవారికిని ఈ చరిత్రలో నొక పుట గలదు. కొలంబియా విశ్వవిద్యాలయములో చదువుచున్న అంబేడ్కరు 1916 మే 9న ఒక సెమినారులో కులవ్యవస్థపై వ్యాసము చదివెను; మరుసటి యేట అది 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో అచ్చయ్యెను. తరగతి గదికై వ్రాసిన వ్యాసము శాస్త్రగ్రంథములలో శాశ్వతమైన చోటు సంపాదించిన యుదాహరణమున కంతకన్న దూరము పోనక్కర లేదు. ఆ అంబేడ్కరే 1946లో డుబోయిస్‌కు జాబు వ్రాసి, అమెరికా నల్లవారి సమస్యకును ఇచటి అంటరానివారి సమస్యకును గల సాదృశ్యమును ప్రస్తావించెను. ఈ రెండు సమస్యల పోలికపై వ్రాయదలచిన విద్యార్థి ఆ జాబునుండియే ఆరంభింపవచ్చును.

ఇక మన చేరువలోని సామగ్రిని చూతము. హైదరాబాదునకు బస్సెక్కి పోవు ఆర్మూరు విద్యార్థికి మాసబ్‌ట్యాంకు చెంత ఏ.సి. గార్డ్స్ అను పేట కనబడును. ఏ.సి. యనగా చల్లగాలి యంత్రము గాదు. ఆఫ్రికన్ కావల్రీ, అనగా నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళము. వనపర్తి సంస్థానాధీశుల కొలువులోని ఆఫ్రికా సైనికులు కొందరు నిజామునకు సంక్రమించిరని చెప్పుదురు. 1948 పోలీసు చర్య పిదప నిజాము సైన్యముతో పాటు ఆ దళమును అంతరించెను గాని, ఆ సైనికుల సంతతివారైన సిద్దీలు ఆ పేటలోనే నిలిచిపోయిరి. వారిని గూర్చి ఆబాబు మిండా యిమెనె అను పండితుడు 2004లో ఒక గ్రంథమును ప్రకటించెను. హైదరాబాదు పెండ్లిండ్లలో మ్రోగు మర్ఫా, సిద్దీలును హద్రమౌతు ప్రాంతపు అరబ్బులును ఈ నగరమునకు తెచ్చిన సంగీతము. మన యూళ్ళలో వినాయక నిమజ్జనము నాడు యువకులు తీన్మారుకు చిందు వేయునపుడు, ఆ దరువులో మర్ఫా పాలెంత, మన డప్పు పాలెంత యని వాయించువారినే కూర్చుండబెట్టి అడిగి, దరువును గుర్తులలో వ్రాసికొని, రెంటిని సరిపోల్చి చూపగల విద్యార్థి యున్నచో, అతడు సంగీతశాస్త్రజ్ఞుడు గాకున్నను, అతని వ్యాసమునకు విలువ యుండును.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు అంచున నున్న హబ్సిగూడ పేరునకు హబ్షీలే, అనగా ఆఫ్రికావారే, కారణమని ప్రతీతి. దాని ప్రక్కనే తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖాలయ మున్నది. అందు నిజాము ప్రభుత్వపు కాగితములు ఫారసీలోను ఉర్దూలోను రాసులుగా నున్నవి. ఇచ్చట మన జిల్లాకు గల సదుపాయ మొకటి చెప్పవలెను. నిజామాబాదు, బోధన్, ఆర్మూరు పట్టణములలో ఉర్దూ తల్లిభాషగా గల విద్యార్థులు తెలుగు విద్యార్థులతో ఒకే బెంచీపై కూర్చుందురు. ఒకరు చదువగల పత్రము నొకరు చదువలేరు. ఇద్దరు జతకూడినచో చదువలేనిది లేదు. ఇట్టి జంటను పెద్ద విశ్వవిద్యాలయములు ఏరి కూర్చవలసి యుండగా, మన కళాశాలలలో తామంత తామే యుండియు, ప్రాజెక్టు పని వచ్చునప్పటికి ఎవరి గుంపు వారిదగుచున్నది. జీతముల పట్టీలలో ఆఫ్రికా సైనికుల పేర్లు వెదకుట ఒక సెమిస్టరులో ముగియగల పని గాకపోవచ్చును గాని, ఒక్క పట్టీని సరిగా చదివి, తెలుగుచేసి, వ్యాఖ్య వ్రాయుట ముగియగల పనియే.

తెలుగువారు ఆఫ్రికాకు పోయిన కథ వేరొకటి. 1860 అక్టోబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16న 342 మందితో నాటాలులోని డర్బను రేవునకు చేరెను. 1911 వరకు అట్లు పోయిన భారతీయ కూలీలు 1,52,184 మంది. నిజాము రాజ్యమునుండి గాక ప్రధానముగా మద్రాసు రాజధానిలోని జిల్లాలనుండి పోయిన తెలుగువారు వారిలో ననేకులు. ఓడకొక్క జాబితా యుండెను. దానిలో ప్రతి మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒడలిపై పుట్టుమచ్చ యెక్కడనో గాయపు మచ్చ యెక్కడనో అదియును వ్రాసిరి. తెలుగు పేర్లను తెలియని గుమాస్తా చెవికి సోకినట్లు ఇంగ్లీషులో వ్రాసికొనుటచేత ఊళ్ళ పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయినవి. సురేంద్ర భానా యను చరిత్రకారుడు 1991లో ఆ జాబితాల నాధారముగా గొని గ్రంథము వెలువరించెను. ఇట్టి చోట పీహెచ్.డీ. పండితునికన్న తెలుగు పల్లెలో పుట్టిన డిగ్రీ విద్యార్థికి చెవి యెక్కువ పనిచేయును. వంకరపోయిన అక్షరముల వెనుక ఏ పాలెమున్నదో ఏ వలస యున్నదో అతడు పట్టుకొనగలడు. దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో తమ ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జోగిపేటలో మొదటిసారి కూడినది 1930లో. సముద్రమున కీవలావల ఏడాది యెడముతో ఒకే పేరు వెలయుట యాదృచ్ఛికమో, వార్తాపత్రికల ప్రభావమో తేల్చినవారిని నేనింకను చూడలేదు.

అయితే వీనియన్నిటికంటె ఆర్మూరునకు దగ్గరైనది, నా దృష్టిలో అత్యంత విలువైనదియు, గల్ఫు. ఈ ప్రాంతమునుండి దుబాయికి, సౌదీకి, మస్కటుకు పోని వాడకట్టు లేదనిన అతిశయోక్తి గాదు. పోయినవారు అచట క్యాంపులలో కేరళవారితోను బంగ్లాదేశీయులతోను మాత్రమే గాక సూడాను, ఇథియోపియా, కెన్యా, ఉగాండా దేశస్థులతోను కలిసి పనిచేసిరి. ఒకే బస్సులో సైటుకు పోయిరి. ఒకే కఫీలునకు, అనగా వీసా పూచీదారుడైన యజమానికి, పాసుపోర్టు నప్పగించిరి. ఒక ఇథియోపియా డ్రైవరును గూర్చియో, ఒక సూడాను ఫోర్‌మనును గూర్చియో పది కథలు చెప్పగల పెద్దమనిషి మన ప్రతి యూరిలో నున్నాడు. వారు ఏ భాషలో మాటలాడుకొనిరి? వండిన కూర పంచుకొనిరా? జీతము నిలిచిపోయినపుడు కలిసి అడిగిరా, విడివిడిగా అడిగిరా? రంగును బట్టి యొకరి నొకరు చిన్నచూపు చూచుకొనిరా? ఈ చివరి ప్రశ్నకు వచ్చు సమాధానము మనకు రుచింపకపోవచ్చును; అయినను దానిని మరుగుపరుపరాదు. భారతీయులు ఆఫ్రికా వారియెడల ప్రదర్శించు వర్ణగర్వమును ఆఫ్రికా పండితులు వ్రాయగా మనము చదువుటకన్న, మన యింటి పెద్దల నోట విని మనమే వ్రాసికొనుట మేలు. ఏ దేశపు ఆర్కైవులోను దొరకని ఈ సామగ్రి అరుగులమీద కూర్చున్నది. వారికి ఏండ్లు పైబడుచున్నవి.

అడుగువారు పాటింపవలసిన మర్యాదలు కొన్ని యున్నవి. ఏమి చేయబోవుచున్నామో ముందుగా చెప్పి, ఒప్పుకొనిన పిదపనే ఫోనులో రికార్డు చేయవలెను. కఫీలును విడిచి పారిపోయి పనిచేసినవాడు, వీసా గడువు దాటి నిలిచినవాడు తన కథను నమ్మికతో చెప్పినపుడు అతని పేరు, ఊరు, కంపెనీ పేరు మార్చి వ్రాయవలెను. ఆయన చెప్పిన మాటను ఆయన మాటగానే, మన తెలంగాణ యాసలోనే దింపవలెను గాని, నేనిపుడు మాటలాడుచున్నట్టి పుస్తకభాషలోనికి మార్చి చంపరాదు.

రాష్ట్ర కళాశాల విద్యాశాఖ 'జిజ్ఞాస' అను పేర డిగ్రీ విద్యార్థుల స్టడీ ప్రాజెక్టులకు పోటీలు నడుపుచున్నది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022 డిసెంబరులో ప్రకటించిన నాలుగేండ్ల డిగ్రీ నియమావళిలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతము మార్కులు వచ్చినవారు నాలుగవ యేట పరిశోధన చేయుటకు వీలు కల్పింపబడినది. ద్వారము తెరచుట మంచిదే. కాని అడుగుట తెలిసినవానికి 75 శాతమే వచ్చునని నియమమేమున్నది? పొలమునుండి కళాశాలకు వచ్చిపోవువాడు అరువది తెచ్చుకొనుచు జొన్నను గూర్చి ఆచార్యునికి తెలియని విషయములు పది తెలిసికొని యుండవచ్చును. ఇది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

వ్రాసినదానిని అచ్చు వేయించు ఘట్టమున మోసము పొంచియున్నది. వ్యాసము పంపిన రెండు మూడు దినములలో అంగీకరించితిమని జాబు, దాని వెంటనే రుసుము చెల్లింపుడని మరియొక జాబు, రుసుము ముట్టినంతనే రంగుల సర్టిఫికెటు వచ్చునట్టి పత్రికలు వందలుగా నున్నవి. వాని అట్టపై 'అంతర్జాతీయ' అను విశేషణము తప్పక యుండును. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య యున్నదని చూపుదురు. అది పత్రికను గుర్తించుటకు ఇచ్చు సంఖ్యయే గాని యోగ్యతాపత్రము గాదు. హైదరాబాదు కేంద్రముగా వందలాది పత్రికలు నడిపిన ఒక సంస్థ, వ్యాసములను నిజముగా పరీక్షింపకయే పరీక్షించితిమని రచయితలను నమ్మించినదని తేల్చి, 2019లో అమెరికా న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసినదని తీర్పు చెప్పెను. మన గ్రాంట్ల సంఘము నమ్మదగిన పత్రికల పట్టికను నిర్వహించుటకు 2018లో ఒక వ్యవస్థను నెలకొల్పి, 2025లో దానిని విరమించుకొన్నది. కావున మంచిచెడ్డలు చూచుకొను భారము ఇపుడు రచయితపైననే, అతని గురువుపైననే పడినది.

నిజామాబాదు యార్డులో పసుపు కొను వ్యాపారి రాశిపై పైపై రంగును చూచి ధర చెప్పడు. ఒక కొమ్మును తీసి విరిచి, టక్కున విరిగెనా, లోపల వన్నె యెట్లున్నదని చూచి మరి చెప్పును. నిజమైన పత్రిక చేయునదియు నదే. అది వ్యాసమును తెలిసిన ఇద్దరికి పంపును, వారు విరిచి చూతురు, ఆధారమేదని అడుగుదురు, మూడు నెలలో ఆరు నెలలో పట్టును, చాలసార్లు తిప్పి పంపుదురు. తిప్పి పంపిన జాబులో ఒక పుట విమర్శ యున్నచో డబ్బు చెల్లించినను దొరకని పాఠము అది.

అంతవరకు పోలేని వ్యాసమునకు కళాశాల సంచిక యున్నది. దానిని శుభాకాంక్షలతోను, అధికారుల ఛాయాచిత్రములతోను నింపుట మాని, ప్రతి యేట ఇరువది పుటలైనను విద్యార్థుల స్వయంకృషికి విడువవలెను. తెలుగులో వ్రాయుట తక్కువతనమను తలపును విడువవలెను. తెలంగాణమునందు కవులే లేరని యెవరో అనగా, సురవరము ప్రతాపరెడ్డి వ్యాసములతో వాదింపక, పల్లెపల్లెనుండి పద్యములు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చు వేసెను. ఆనాడు పద్యములు వ్రాసి పంపినవారందరు పండితులు గారు. పటేండ్లు, పట్వారీలు, బడిపంతుళ్ళును వారిలో నుండిరి. ఆర్మూరు నుండి గల్ఫు వెళ్ళినవారి నోట ఆఫ్రికాను గూర్చి వినబడు మాటలను అదే రీతిని ఊరూరి విద్యార్థులు సేకరించి, ఒక్కొక్కరు రెండు పుటలకు మించకుండ వ్రాసి పంపినచో, ఒక సంవత్సరములో పుస్తక మగును. ఆ పుస్తకమునకు ఇంగ్లీషు సారాంశమును జోడించి ఢిల్లీకిని, అడిస్ అబాబాకును, డర్బనుకును పంపుట తపాలా ఖర్చుతోనే తీరును.

పసుపు త్రవ్వకపు రోజులలో మన విద్యార్థులలో సగముమంది ఇంటిపనులలో నుందురు. కావున ప్రశ్నను వానకాలములో నిర్ణయించుకొని, దసరాలోపల పదిమందిని కలిసి అడిగి, సంక్రాంతికి ముందే చిత్తుప్రతిని గురువు చేతి కిచ్చుట మేలు. అచ్చయిన తరువాత ఒక ప్రతిని కళాశాల గ్రంథాలయములోను, ఒకదానిని జిల్లా గ్రంథాలయములోను ఉంచి, మాటలు చెప్పినవారి యింటికి వెళ్ళి మరియొక ప్రతిని చేతికిచ్చి, చదువలేనివారికి చదివి వినిపింపవలెను. నేనట్లు చెప్పలేదని ఆయన అనినచో, ఆ మాటను సైతము తరువాతి సంచికలో ఆయన పేరుతోనో, మార్చిన పేరుతోనో ప్రకటింపవలెను.